ఫారం ఏడు ప్రకారం అడవి గొర్రె

నూట యాభై ఏళ్ల కిందట ఒక దొర గుర్రమెక్కి బోడికొండ పక్కగా పోతూ ఒక జంతువును చూశాడు. చూసి ఊరుకోక, దాని గురించి తన పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకున్నాడు. "ఈ ఎండు కొండ మీద వంకర కొమ్ముల పెద్ద మృగం కనిపించింది. గొర్రె జాతిది కావచ్చు. ఎడమ చెవి కొన కత్తెర నోరులా చీలి ఉంది. నన్ను చూసి బొత్తిగా బెదరలేదు." అంతే. ఆ తర్వాత దొర ఎటు పోయాడో, మృగం ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

ఆ నాలుగు ముక్కల మీద అప్పటి నుంచీ దుమ్ము పేరుకుంటూ వచ్చింది. ఈ మధ్య రాజధానిలో ఎవరో ఆ దుమ్ము దులిపారు. అంతరించిన జంతువులను ఎక్కడెక్కడి నుంచో తెచ్చి మళ్లీ పాత చోట్ల వదలడం ఆ ఏడాది పెద్దల మోజు. ఒక జిల్లాకు కొంగ వచ్చింది. ఇంకో జిల్లాకు మొసలి వచ్చింది. వానలూ రాక, ఫ్యాక్టరీలూ రాక ఎండిపోతున్న ఈ జిల్లాకు కనీసం ఒక జంతువైనా రాకపోతే బాగుండదని పైవాళ్లకు తోచింది. దొరగారి పుస్తకం ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి 'అడవి గొర్రెల పునఃప్రవేశ పథకం' పుట్టింది.

సముద్రం అవతల ఏదో ఎడారి కొండల నుంచి పదకొండు అడవి గొర్రెలు దిగాయి. లారీ దగ్గరే వాటి మెడల్లో బంతిపూల దండలు వేశారు. అవి ఒకదాని దండ ఇంకొకటి తినేశాయి. పథకంలో జరిగిన మొట్టమొదటి మేత అదే గాని, దాన్ని ఎవరూ నమోదు చేయలేదు.

మర్నాడే కొండ చుట్టూ ముళ్లతీగ లాగారు. కొండ కింద ఉప్పరాళ్లపల్లిలో నాలుగు వందల అరవై గొర్రెలున్నాయి. తాతల నాటి నుంచీ వాటికి ఆ కొండే మేత. ఇకమీదట ఊరి గొర్రె కొండెక్కితే నేరమని గేటు దగ్గర బోర్డు పెట్టారు. గొర్రెలకు చదువు రాదు గనక ఒక గార్డును కూడా పెట్టారు.

ఆ నాలుగు వందల అరవైలో ఇరవై రెండు కుళ్లాయప్పవి. ఆయనకు యాభై దాటాయి. ఐదో తరగతి దాకా చదివాడు, ఆ తర్వాత గొర్రెల దగ్గర చదువుకున్నాడు. కొండ మూసిన రెండు నెలలకే ఆయన గొర్రెల పక్కటెముకలు దూరం నుంచి లెక్కపెట్టేటట్టు తేలాయి. మందకు ముందు నడిచే పొట్టేలు పేరు జమేదారు. మనిషి కనిపిస్తే ముందు ఒకసారి కుమ్మి, తర్వాత పలకరించే రకం. అలాంటిది కుమ్మడం కూడా మానేసి వాకిట్లో కూలబడి ఉంటోంది. దాన్ని చూస్తుంటే కుళ్లాయప్పకు ముద్ద దిగేది కాదు.

అలాంటి రోజుల్లో రేంజరు జిలానీ వచ్చాడు. జిలానీ పక్క ఊరివాడే. గవర్నమెంటు ఉద్యోగం చేస్తున్నా ఇంకా మామూలు మనిషిలా మాట్లాడగలిగేవాడు.

"కుళ్లాయప్పా, అడివి గొర్రెలు ఏం తింటాండాయో చూసి రాసేదానికి ఒక మనిషి కావాలంట. నీ పేరు చెప్పినా. దూరం నుంచి చూసి అది ఏ ఆకో చెప్పేటోడు మా ఆఫీసులో ఒక్కడూ లేడు."

"రాస్తే నాకేమొస్తాది?"

"ఏడాదికి మేత రిపోర్టు సరిగ్గా వస్తే దక్షిణం పక్క వాలు ఊరి గొర్రెలకు తెరుస్తామని డైరెక్టరు సారే చెప్పినాడు."

కుళ్లాయప్ప ఇంకో మాట అడగలేదు. దక్షిణపు వాలు మీద రేగు పొదలున్నాయి, చెంగలి గడ్డి ఉంది. ఆ వాలు తెరిస్తే జమేదారు మళ్లీ కుమ్ముతుంది. ఆయనకు కావలసింది అంతే.

పథకానికి డైరెక్టరు డాక్టర్ పరాంకుశం. గొర్రెల మీద డాక్టరేటు పుచ్చుకున్నాడు గాని ఒక గొర్రెను చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు. ఆయన కుళ్లాయప్పను ఎదురుగా నిలబెట్టి, 'మేత పరిశీలకుడు' అన్న పదవి ప్రసాదించి, ఒక దుర్భిణి, ఒక కట్ట ఫారాలు చేతిలో పెట్టాడు.

"ఇది ఫారం ఏడు. ఇందులో పద్నాలుగు గడులున్నాయి. అడవి గొర్రెలు తినే పద్నాలుగు మొక్కలను అంతర్జాతీయ స్థాయిలో గుర్తించడం జరిగింది. గొర్రె నోటితో పట్టి లాగిన ప్రతిసారీ ఒక కొరుకుగా పరిగణించాలి. ఏ మొక్కను ఎన్ని కొరుకులు కొరికిందో సంబంధిత గడిలో నమోదు చేయాలి. అర్థమైందా?"

"అయింది సార్. పదైదో మొక్కను కొరికితే?"

"కొరకదు," అన్నాడు డైరెక్టరు.

ఆ పద్నాలుగు మొక్కలూ ఆ గొర్రెలు పుట్టిన ఎడారివి. వాటి పేర్లను ఆఫీసులో నిఘంటువు ముందు పెట్టుకొని తెలుగు చేశారు. వెండాకు పొద, ఉప్పుబుర్ర, చలిముల్లు, అలా. ఆ పేర్లుగల మొక్క ఒక్కటి కూడా బోడికొండ మీదే కాదు, ఈ దేశంలోనే మొలవదు.

కుళ్లాయప్ప రోజూ తెల్లవారగానే కంబళి భుజాన వేసుకొని కొండెక్కేవాడు. నాయన దగ్గర నేర్చుకున్న లెక్క ఆయనది. నూరు కొరుకులకు ఒక గులకరాయి కంబళి మడతలో వేసుకుంటాడు. ఏ ఆకుకు ఆ ఆకు మడత వేరు. దుర్భిణిని కర్రకు తగిలించి ఉంచాడు, దానితో ఆయనకు పని పడలేదు. అడవి గొర్రెలు ముందు అనుమానంగా చూశాయి గాని వారం తిరగకముందే అలవాటు పడ్డాయి. అవి కొండకు కూడా అలవాటు పడ్డాయి. పొద్దున సర్కారు తుమ్మకాయలు కటకటా నమిలేవి. ఎండ ముదిరాక నాగజెముడు పండ్లను కాలితో బండకేసి రాసి, ముళ్లు పోగొట్టి తినేవి. ఆ తెలివి చూసి కుళ్లాయప్పకు ముచ్చటేసింది. పరాయి దేశపు గొర్రెలైనా గొర్రెలే కదా అనుకున్నాడు.

నెల తిరిగేసరికి కంబళి మడతల నిండా రాళ్లున్నాయి, ఫారంలో మాత్రం పద్నాలుగు సున్నాలున్నాయి. నిజం దాచడం ఇష్టం లేక, తిన్నవన్నీ ఫారం వెనక వైపు పొందిగ్గా రాశాడు. ఫారం వెనక వైపు చూడడం ఆ ఆఫీసులో ఎవరికీ అలవాటు లేదు.

ఫారం పంపిన నాలుగో రోజున మూడు జీపులు దుమ్ము రేపుకుంటూ వచ్చాయి. డైరెక్టరు, పశువుల డాక్టరు, ఆయన వెనక సెలైన్ సీసాలు. "నెల రోజులుగా పదకొండు జంతువులూ నిరాహారంగా ఉన్నట్లు నివేదిక అందింది," అంటూ డైరెక్టరు చెమట తుడుచుకున్నాడు. గొర్రెలను నానా తంటాలు పడి పట్టి తూకం వేశారు. ఒక్కోటి నాలుగు కిలోలు పెరిగింది.

పశువుల డాక్టరు నోరెళ్లబెట్టాడు. డైరెక్టరు మాత్రం కాసేపు ఆకాశం వైపు చూసి, "ఆహార రహిత వృద్ధి," అన్నాడు. "ఎడారి జంతువులు గాలిలోని పోషకాలను గ్రహించే అవకాశాన్ని తోసిపుచ్చలేం. దీని మీద ఒక పత్రం రాయవలసి ఉంది."

"గాలి కాదు సార్," అన్నాడు కుళ్లాయప్ప. "సర్కారు తుమ్మకాయలు. రోజూ పొద్దున్నే అదే పని. గులకరాళ్లు చూపిస్తా రాండి."

డైరెక్టరు ముఖం మాడిపోయింది. ఆయన జిలానీ వైపు తిరిగి గొంతు తగ్గించి చెప్పాడు. సర్కారు తుమ్మ కలుపు జాబితాలో ఉంది. దాన్ని వేళ్లతో సహా పెరికించే విభాగం ఇదే ఆఫీసులో పై అంతస్తులో ఉంది. పథకం గొర్రెలు దాన్ని తింటున్నాయని రాస్తే అది పథకం మేత అవుతుంది. పథకం మేతను పెరికితే పై అంతస్తువాళ్ల మీద కేసు పెట్టాలి. పెరకకపోతే పెరకలేదని వాళ్ల మీద ఇంకో కేసు పెట్టాలి. పై అంతస్తు అధికారి ఆయనకు బావమరిది.

"కాబట్టి తినవు," అన్నాడు డైరెక్టరు, మళ్లీ మామూలు గొంతుతో.

"నా కండ్లతో చూసినా సార్."

"కళ్లతో చూసింది సాక్ష్యం కాదు, కుళ్లాయప్పా. గడిలో ఉన్నదే సాక్ష్యం. గడులు నింపు. దక్షిణపు వాలు సంగతి గుర్తుంది కదా?"

గుర్తుంది. అందుకే కుళ్లాయప్ప నోరు మూసుకున్నాడు. కాని తినని ఆకును తిన్నట్టు రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. గొర్రె విషయంలో అబద్ధం ఆడిన రోజు లేదు. రెండో నెలా పద్నాలుగు సున్నాలే పోయాయి.

గొర్రెలు మేత దగ్గరికి రాకపోతే మేతనే గొర్రెల దగ్గరికి తేవాలని ఆఫీసు నిశ్చయించింది. ఆ పద్నాలుగు మొక్కలనూ విమానంలో తెప్పించి, పందిళ్లు కట్టి, ట్యాంకర్లతో నీళ్లు పోసి పెంచి, కొండ నడుమ పెద్ద దడి కట్టి నాటారు. నాటిన ప్రతి మొక్కకూ గొర్రెల నుంచీ మేకల నుంచీ రక్షణగా ఇనుప కంచె వేయాలని రూలు. వేశారు. అడవి గొర్రెలు వచ్చి ఆ కంచెలకు వీపులు గోక్కొని వెళ్లిపోయాయి.

గొర్రెలకు అవగాహన లేదేమోనని డైరెక్టరుకు అనుమానం వచ్చింది. పద్నాలుగు మొక్కల బొమ్మలూ రంగుల్లో పట్టికగా అచ్చు వేయించి, కొండ మీద బండలకు మైదా జిగురుతో అంటించారు. మైదా వాసనకు పదకొండూ వచ్చి, బొమ్మలతో సహా నాకి నాకి తినేశాయి. ఆ నెల నివేదికలో "పట్టికను గొర్రెలు సంపూర్ణంగా స్వీకరించాయి" అని రాసుకున్నారు. అందులో అబద్ధమేమీ లేదు.

అయినా గడుల్లో సున్నాలు అలాగే ఉన్నాయి. ఇంకో రెండు నెలల్లో నిపుణుల కమిటీ రాబోతోంది. డైరెక్టరు రెండు రోజులు తల పట్టుకొని కూర్చున్నాడు. మూడో రోజున జిలానీని పిలిచి, "తోటి జంతువులను చూసి నేర్చుకునే విధానాన్ని అవలంబిద్దాం," అన్నాడు. "ఈ పద్నాలుగు మొక్కలను అడవి గొర్రెల ఎదుట తిని చూపించగల ఆదర్శ గొర్రెలు కావాలి. వాటిని శిక్షక గొర్రెలుగా నియమించడం జరుగుతుంది."

జిలానీ ఆ సాయంత్రమే కుళ్లాయప్ప ఇంటికొచ్చాడు. వాకిట్లో ఎముకలగూడులా పడి ఉన్న జమేదారు వైపు చూపించి, "ఇది ఏం పెట్టినా తింటాదా?" అని అడిగాడు.

"రాళ్లు పెట్టినా తింటాది," అంది లోపలి నుంచి కుళ్లాయప్ప భార్య సుంకమ్మ. "ఆరు నెలలాయె, కడుపు నిండి."

అలా కుళ్లాయప్ప గొర్రెలు ఇరవై రెండూ సర్కారు శిక్షకులుగా కొండెక్కాయి. ప్రత్యేక ఉత్తర్వుతో ఇనుప కంచెలు తీశారు. జమేదారు ముందు నడిచి, దడి లోపల కాలు పెట్టి, వెండాకు పొదను ఒకసారి వాసన చూసింది. తర్వాత జరిగింది చూసి గార్డులు పక్కకు తప్పుకున్నారు. ఇరవై రెండు నోళ్లూ ఒక్కసారి ఆడాయి. ఉప్పుబుర్ర పోయింది, చలిముల్లు పోయింది, వెండాకు పోయింది. విమానమెక్కి వచ్చిన పద్నాలుగు రకాలూ మూడు వారాల్లో మొదళ్లతో సహా పోయాయి. అడవి గొర్రెలు పై బండ మీద నిలబడి, తుమ్మకాయలు నెమరేస్తూ, ఆ తమాషా అంతా చూశాయి. ఒక్కటీ కిందికి దిగలేదు.

కుళ్లాయప్ప సంతోషానికి పట్టపగ్గాల్లేవు. గొర్రెల కడుపులు నిండుతున్నాయి, చేతిలో గులకరాళ్లు నిండుతున్నాయి.

"ఈ కొరుకులు ఏ ఫారంలో రాయాల?" అని జిలానీని అడిగాడు.

"శిక్షకులకు వేరే ఫారం అచ్చు కాలేదప్పా. ఏడులోనే రాయి. ఎవరు చూస్తారులే."

రాశాడు. ఇరవై రెండు గొర్రెలు, పద్నాలుగు గడులు, ప్రతి గడిలోనూ వేలకు వేలు. ఒక్క కొరుకు కూడా దొంగ లెక్క కాదు. ఉద్యోగంలో చేరాక ఆయన మనస్ఫూర్తిగా సంతకం పెట్టిన మొదటి నివేదిక అదే.

నిపుణుల కమిటీలో ముగ్గురు. ఒకాయన ఎలుగుబంట్ల నిపుణుడు. ఒకాయన చేపల నిపుణుడు. అధ్యక్షురాలు రమామణిగారు పత్రాల నిపుణురాలు. అందుకే ఆమె కొండెక్కలేదు. గేటు దగ్గర షామియానా కింద కూర్చొని ఫారాలు చదివింది. మొత్తం చదివి కళ్లజోడు తీసింది.

"ఈ పత్రాల ప్రకారం ఇక్కడ రెండు సమూహాలున్నాయి. ఇరవై రెండు జంతువుల సమూహం అడవి గొర్రెలకు నిర్దేశించిన పద్నాలుగు మొక్కలనూ తింటోంది. పదకొండు జంతువుల సమూహం ఒక్కటీ తినడం లేదు. అడవి గొర్రె అంటే ఏమిటో నిర్వచనం ఎక్కడుంది?"

"ఫారం ఏడులో," అన్నాడు డైరెక్టరు. "ఆ పద్నాలుగింటినీ మేసేదే అడవి గొర్రె."

"అయితే పదకొండూ ఏమిటి?"

కుళ్లాయప్ప చేతులు కట్టుకొని ముందుకొచ్చాడు.

"అమ్మా, తప్పు జరుగుతాండాది. ఆ ఇరవై రెండూ నావమ్మా. నా చేతుల్లో పుట్టినాయి. గుర్తు చూడండి, ఎడమ చెవికి మా ఇంటి గాటు ఉంటాది. ఊర్లో ఎవరి గొర్రెలకు వాళ్ల గాటు. ఎవరిది ఎవరిదో కలిసిపోకుండా పిల్లప్పుడే చెవి కోస్తాం. మాది కత్తెర గాటు. మా ముత్తాత నాటి నుంచీ అదే."

అధ్యక్షురాలు జమేదారును తెప్పించింది. ఎడమ చెవి చూసింది. కొన కత్తెర నోరులా చీలి ఉంది. ఆమె బల్ల మీది ఫైలు తెరిచి, దొరగారి నాలుగు ముక్కలూ పైకి చదివింది. "వంకర కొమ్ముల పెద్ద మృగం... ఎడమ చెవి కొన కత్తెర నోరులా చీలి ఉంది... నన్ను చూసి బొత్తిగా బెదరలేదు."

జమేదారు కూడా ఆమెను చూసి బొత్తిగా బెదరలేదు. కడుపు నిండి ఉంది గనక బల్లను ఒకసారి కుమ్మింది.

కుళ్లాయప్ప ఆ ముక్కలు వినడం అదే మొదలు. వినగానే ఆయనకు అంతా అర్థమైంది. "అయ్యో సార్! ఆ దొర చూసింది మా ముత్తాత పొట్టేలును! ఇక్కడ అడివి గొర్రెలు ఎప్పుడుండాయి సార్? మా గొర్రెలే ఉండేది!"

"అదే కదా మేమూ అంటున్నది," అన్నాడు డైరెక్టరు, ఆనందం పట్టలేక. "నూట యాభై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న స్థానిక అడవి జాతి. చీలిన చెవి దీని సహజ లక్షణం. అంతరించిందనుకున్నాం, అంతరించలేదు!"

షామియానా కింద చప్పట్లు మోగాయి. ఎలుగుబంట్ల ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఉత్తర్వు అక్కడే రాశారు. ఇరవై రెండు గొర్రెలూ రక్షిత వన్యప్రాణులు. వాటి కుడి చెవులకు పచ్చ బిళ్లలు వేసి కొండ మీద ఉంచాలి, మనుషులెవరూ ముట్టుకోకూడదు. మిగిలిన పదకొండూ పథక ప్రదేశంలో అక్రమంగా చొరబడి మేసిన ఊరి గొర్రెలు. వాటిని వెంటనే బందెలదొడ్డికి తోలించి యజమానికి అప్పగించాలి. రోజూ వాటి వెంట తిరిగినట్లు ఫారాల్లో ఎవరి సంతకం ఉందో అతడే యజమాని.

దక్షిణపు వాలు గురించి కుళ్లాయప్ప అడిగాడు. అరుదైన స్థానిక జాతి బయటపడింది గనక ఇక కొండ పూర్తిగా, శాశ్వతంగా మూసివేయబడుతుందని డైరెక్టరు ఎంతో ఆప్యాయంగా చెప్పాడు.

తీగ అవతల జమేదారు నిలబడి ఈయన వైపే చూస్తోంది. కుడి చెవికి పచ్చ బిళ్ల వేలాడుతోంది. కుళ్లాయప్ప ఏడవకూడదనుకున్నాడు గాని ఏడ్చాడు. నిజం రాసినందుకే మంద పోయిందని ఆయనకు తెలుసు. మొదటి నెలే అబద్ధం రాసి ఉంటే బాగుండేదనుకున్నాడు, అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

ఆ పదకొండింటితో ఇంటికి చేరేసరికి సుంకమ్మ నడుమున చేతులు పెట్టుకొని నిలబడింది.

"ఏమయ్యా, ఇరవై రెండు ఇచ్చి పదకొండు తెచ్చినావా?"

జవాబు చెప్పేలోపు ఆ పదకొండూ ఆరడుగుల దడి మీది నుంచి మిద్దె మీదికి ఎగిరాయి. ఆ ఇంటికి అదే ఎత్తైన చోటు. అక్కడ వరసగా నిలబడి కొండ వైపు చూడడం మొదలుపెట్టాయి. గడ్డి వేస్తే ముట్టలేదు. రెండుసార్లు ముళ్లతీగ దూకి కొండెక్కాయి. రెండుసార్లూ ఊరి గొర్రెలు కొండెక్కిన నేరానికి కుళ్లాయప్పకు నోటీసులొచ్చాయి. చివరికి మనసు చంపుకొని వాటి కాళ్లకు తాళ్లు కట్టాడు.

మూడో రోజు సాయంత్రం ఏ పనీ తోచక కొండ కింద నిలబడి, అలవాటు కొద్దీ నోటి దగ్గర చెయ్యి పెట్టుకొని, రోజూ మందను పిలిచినట్టు ఒక కూత వేశాడు. పైన మెడ గంటలు మోగాయి. జమేదారు ముందు, వెనక ఇరవై ఒకటి, దుమ్ము లేపుకుంటూ దిగి, గార్డు కళ్ల ముందే గేటు దాటి, వరసగా ఇంటి దారి పట్టాయి.

గార్డు పరుగెత్తి జిలానీని పిలుచుకొచ్చాడు. జిలానీ రూలు పుస్తకం తిరగేసి, చాలాసేపు చూసి, మూసేశాడు.

"ఊరి గొర్రె కొండెక్కకూడదని ఉండాది. అడివి గొర్రె ఊర్లోకి రాకూడదని యాడా లేదు. అది వన్యప్రాణి, దానిష్టం."

ఆనాటి నుంచి రక్షిత వన్యప్రాణులు ఇరవై రెండూ పగలు కొండ మీద మేసి, పొద్దు వాలితే కుళ్లాయప్ప దొడ్లో పడుకునేవి. పొద్దున్నే గార్డు గేటు తీసి పట్టుకునేవాడు. మళ్లీ జమేదారు కుమ్మడం మొదలుపెట్టింది.

ఊరు చూస్తూ ఊరుకుంటుందా? వారం తిరగకుండానే పక్కింటి మారెన్న పది మందిని వెంటేసుకొని వచ్చాడు. "కుళ్లాయన్నా, నీవి కొండ మేసి కొవ్వెక్కుతాండాయి. మావి ఈడ బీడు నాకుతాండాయి. ఏం పాపం చేసినాం?"

సుంకమ్మ చాటలో రాగులు చెరుగుతూనే అంది, "ఎడమ చెవి కోస్తే అడివి గొర్రె అయితాదని సర్కారే చెప్పె. కత్తెర ఉండాది, చెవులు ఉండాయి. కూచోని ఏడ్సేదేమిటికి?"

కుళ్లాయప్ప ఆ మాటకు గతుక్కుమన్నాడు. కత్తెర గాటు ఆయన ఇంటి పరువు. ముత్తాత నుంచి తాతకు, తాత నుంచి నాయనకు, నాయన నుంచి తనకు వచ్చింది అదొక్కటే. దాన్ని ఊరి గొర్రెలన్నిటికీ పెడితే ఇక ఆ గాటుకు అర్థం లేదు. ఆ బాధ ఆయన ముఖం మీద కనిపించింది. మారెన్న కూడా తల దించుకున్నాడు. తన ఇంటి గాటు మీద ఇంకో ఇంటి గాటు వేయించుకోవడం అతనికీ చిన్నతనమే.

"మరి కలిసిపోతే ఎవరివి ఎవరివో ఎట్ల తెలిసేది?" అన్నాడు కుళ్లాయప్ప చివరికి.

"ముఖం చూసి చెప్పలేమా?" అన్నాడు మారెన్న.

అది నిజమే. రెండు రోజులు కత్తెర ఆడింది. మూడో రోజు పొద్దున నాలుగు వందల అరవై రక్షిత వన్యప్రాణులు గేటు ముందు బారులు తీరాయి. గార్డు ఒక్కో చెవీ చూసి, ఒక్కోదానికి పచ్చ బిళ్ల కొట్టి లోపలికి పంపాడు. బిళ్లలు అయిపోతే పట్నం నుంచి తెప్పించాడు. ఒక్క నెలలో అడవి గొర్రెల సంఖ్య ఇరవై రెండు నుంచి నాలుగు వందల అరవైకి పెరిగిందని నివేదిక రాజధానికి చేరింది. ఇంత వేగంగా వృద్ధి చెందిన వన్యప్రాణి మరొకటి లేదని డైరెక్టరుకు పతకం ప్రకటించారు. ఊళ్లో ప్రతి ఒక్కరూ సహాయ పరిశీలకులయ్యారు.

అంతా బాగానే ఉంది. మిద్దె మీద పదకొండు మాత్రం బాగా లేవు. ఊళ్లో ఊరి గొర్రెలంటూ మిగిలినవి ఇప్పుడు అవే. కొవ్వంతా కరిగి, తాళ్లు ఒరుసుకున్న కాళ్లతో, పొద్దస్తమానం కొండ వైపు చూస్తూ నిలబడేవి. వాటిలో పెద్ద ఆడగొర్రె రెండు రోజులుగా నీళ్లు కూడా ముట్టలేదు. ఒకప్పుడు వాకిట్లో కూలబడిన జమేదారు కళ్లు ఎలా ఉండేవో దాని కళ్లూ అలాగే ఉన్నాయి.

కుళ్లాయప్ప కత్తెర తీసుకొని మిద్దె ఎక్కాడు. పెద్ద గొర్రెను మోకాళ్ల మధ్య పట్టుకున్నాడు. అది తన్నింది, ఆయన పంటి కింద నొప్పి నొక్కిపట్టాడు.

"ఓర్చుకో తల్లీ. ఎన్ని సముద్రాలు దాటి వచ్చినావో. ఈ కొండ మీద ఉండాలంటే నువ్వు మా ఇంటి గొర్రె కావాల. నేనేం చేసేది, రూలు అట్ల ఉండాది."

పదకొండు చెవులూ కోసి, పసుపు అద్ది, తాళ్లు విప్పాడు. గార్డు చెవులు చూసి బిళ్లలు కొట్టాడు. గేటు దాటగానే ఆ పదకొండూ ఒక్క ఉదుటున బండలెక్కి కనుమరుగయ్యాయి. పిలిచినా రావని కుళ్లాయప్పకు తెలుసు, పిలవనూ లేదు.

పతకం అందుకునే ముందు డైరెక్టరు కొండ చూడడానికి వచ్చాడు. దక్షిణపు వాలు మీద నాలుగు వందల అరవై గొర్రెలు తలలు దించుకొని బుద్ధిగా మేస్తున్నాయి. ఆయన తృప్తిగా తల ఊపి, కుళ్లాయప్ప కర్రకు వేలాడుతున్న దుర్భిణి తీసి పైకి చూశాడు. నిట్టనిలువు బండల మీద పదకొండు జంతువులు కాలు మోపడానికి చోటులేని దగ్గర నిలబడి, ఇంకో బండ మీదికి గాల్లో తేలిపోతున్నాయి. ఆయన ముఖం చిట్లించాడు.

"ఏమిటవి? అలా ఎగురుతున్నాయేమిటి? అడవి గొర్రెలు అలా చేయవే!"

కుళ్లాయప్ప చేతులు కట్టుకున్నాడు.

"కొత్తవి సార్. ఇంగా మన పద్ధతి పట్టుబడలే. నేర్చుకుంటాయిలెండి."

"త్వరగా నేర్పించు. పైవాళ్లు వచ్చి చూస్తే ఊరి గొర్రెలు కలిశాయనుకుంటారు," అని డైరెక్టరు జీపెక్కాడు.

దుమ్ము సద్దుమణిగాక కుళ్లాయప్ప బండ మీద కూర్చొని ఫారం ఏడు తొడ మీద పరుచుకున్నాడు. పైన పెద్ద ఆడగొర్రె మెడ చాచి ఒక సర్కారు తుమ్మకాయను అందుకొని కటుక్కున కొరికింది. ఆయన దాని వైపు చూసి నవ్వుకొని, వెండాకు పొద గడిలో ఒకటి వేశాడు.